బావ చెప్పిన ఇంగ్లీషు సినిమా

నాకు బాగా ఇష్టమైన సినిమా ఏదని ఎవరైనా అడిగితే నేను నిజం చెప్పను. చెబితే నా పరువు ఏమవుతుందో నాకు తెలుసు. అది ఎనభైల్లో వచ్చిన ఒక అమెరికా కాలేజీ సినిమా. మర్యాదకి కామెడీ అనొచ్చు గానీ సగానికి సగం బూతే. ఇటు మగపిల్లల హాస్టలు, అటు ఆడపిల్లల హాస్టలు, మధ్యలో నిద్రపట్టని ఒక ప్రిన్సిపాలు. ఇంతకంటే కథ లేదు. ఇంకో సంగతి కూడా చెబితే నాకు మతి పోయిందనే అనుకుంటారు. అంత ఇష్టమైన ఆ సినిమాని నేను ఏళ్ళ తరబడి కళ్ళతో చూడలేదు. చెవులతో విన్నాను. అదీ తెలుగులో.

తొంభైల మొదట్లో మాట. మాది హిందూపురం దగ్గర ఊరు. పదో తరగతి అయ్యాక పీయూసీ చదవడానికి నన్ను బెంగుళూరు పంపించారు. కాటన్‌పేటలో మా మేనమామ ఇంట్లో ఉండేదాన్ని. కింద దారాల కొట్టు, పైన ఇల్లు. ఇల్లన్న మాటే గానీ, ఎక్కడ చెయ్యి పెట్టినా దారపు కండెలే తగిలేవి. మామకి తరాలుగా అదే వ్యాపారం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పెద్ద గిరాకీ వస్తే అరవం కూడా. ఇంగ్లీషు మాత్రం ఎవరికీ రాదు. ఎవరికీ అంటే బావకి కూడా అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బావ అంటే మామ కొడుకు. అప్పటికే మా అక్కకి ఆయనతో పెళ్ళి ఖాయమైపోయింది. ముహూర్తం కుదరక అక్క ఇంకా ఊళ్ళోనే ఉండేది. అంటే నేను ఆయనకి రెండు విధాలా మరదల్ని. మరదలి దగ్గర బావ నోటికి గడియ ఉండదు, ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. అత్త ఎదుటే ఆయన నా మీద వేసిన జోకులు ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా వేస్తే ఉద్యోగం ఊడుతుంది. నేనూ తక్కువ తినలేదు, అంతకి అంత ఇచ్చేదాన్ని. కానీ అక్క ఊరినుంచి వస్తే చాలు, బావ మారిపోయేవాడు. తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, గుళ్ళో పూజారిలా మెల్లగా మాట్లాడేవాడు. కాబోయే పెళ్ళాం దగ్గర నోరు జారకూడదని ఆయనకి ఎవరు నేర్పారో తెలియదు గానీ, పెళ్ళయ్యాక కూడా ఆ పద్ధతి మారలేదు.

ఆదివారం కొట్టుకి సెలవు. మామా అత్తా ఏదో పెళ్ళికో నామకరణానికో పోయేవాళ్ళు. వాళ్ళు మెట్లు దిగీ దిగకముందే బావ స్నేహితులు అద్దె వీసీపీ మోసుకుని మెట్లెక్కేవాళ్ళు. అందులో ఒకడికి క్యాసెట్ల షాపు ఉండేది. వాడు తెచ్చిన వాటిల్లో ఈ అమెరికా సినిమా ఒకటి. ఎన్నిసార్లు కాపీ చేసిన క్యాసెట్టో, బొమ్మ వణుకుతుండేదట, మాట ముద్దముద్దగా ఉండేది. ఆడపిల్లలు చూసేది కాదు కాబట్టి నన్ను పక్కనున్న సరుకు గదిలోకి పొమ్మని తలుపేసేవాళ్ళు. పరీక్షలకి చదువుకోమ్మా అని ఎంత ప్రేమగా చెప్పేవాళ్ళో! నేను దారం పెట్టెల మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, తలుపుకి చెవి ఆనించి కూర్చునేదాన్ని.

మొదటిసారి సినిమా మొదలవగానే ఒకడు, వాడేమంటా ఉండాడని బావని అడిగాడు. వాళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది బావ ఒక్కడే. బీకాం మధ్యలో వదిలేసినా సరే, తొక్కాడు కదా. తెలియదని చెప్పడానికి మొహం చెల్లలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ప్రిన్సిపాలు, లావుపాటి కుర్రాడు, బక్క కుర్రాడు, ఆడపిల్లలు, అందరి మాటలూ ఆయనే. గొంతు మార్చి, యాస మార్చి, ఒక్కో మనిషికీ మా పేటలో ఒక్కో వీధిని తగిలించి చెప్పేవాడు. ప్రిన్సిపాలు మా వెనకవీధి పిసినారి సేటు లాగా మాట్లాడేవాడు. లావుపాటివాడిది మా పాలవాడి ముక్కుగొంతు. ఆ రోజు స్నేహితులు పడీ పడీ నవ్వారు. తర్వాత ఏ కొత్త క్యాసెట్టు తెచ్చినా చివరికి ఇదే పెట్టమనేవాళ్ళు. టీవీలో సౌండు పూర్తిగా తగ్గించేసి బావని చెప్పమనేవాళ్ళు.

బావ చెప్పిన సినిమాలో గొడవంతా సారు గురించి, అంటే అన్నంలో పోసుకునే చారు. మగపిల్లల హాస్టల్లో సారు నీళ్ళలాగా ఉంటుంది, ఎదురు హాస్టల్లో చిక్కగా ఉంటుంది. అందుకని వీళ్ళు గోడ దూకుతారు. వెళ్ళింది సారు కోసం, తీరా చూస్తే ఎదురయ్యేది స్నానాల గది. గోడ బెజ్జంలోంచి లావుపాటివాడు తొంగి చూస్తాడు. లోపలున్న పిల్ల కనిపెట్టేస్తుంది. కనిపెట్టి ఏమంటుందో బావ సన్నటి గొంతుతో చెప్పేవాడు:

"చూసినావు గదా, ఊరికే పోతావా? వచ్చి వీపు రుద్ది పో. గట్టిగా రుద్దప్పా, తిన్న సారంతా యాడికి పోయింది?"

అవతల మగవాళ్ళ నవ్వు, ఇవతల నేను పైట కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరాడక, కళ్ళల్లో నీళ్ళు కారుతూ దారం పెట్టెల మీద పడి దొర్లేదాన్ని. నవ్వాపుకోవడం నా వల్ల అయ్యేది కాదు. ఆ సినిమాలో ఆడపిల్లలందరూ అంతే, ఒక్కరూ ఊరుకునేవాళ్ళు కాదు. ప్రిన్సిపాలు భార్య కూడా మొగుడికి మాటకి మాట అప్పజెప్పేది. ఊళ్ళో అమ్మా, ఇక్కడ అత్తా నోరెత్తకుండా బతకడం చూసిన నాకు, అమెరికా ఆడవాళ్ళ మీద గొప్ప గౌరవం ఏర్పడింది. ఒకసారి కాలేజీకి వెళ్తూ సిటీబస్సులో తగులుకున్న వెధవని అచ్చం ఆ పిల్ల గొంతుతో దులిపేశాను కూడా.

అక్క పెళ్ళయి ఆ ఇంటికొచ్చింది. ఆదివారాల వీసీపీ ఆగిపోయింది. నా చదువు, ఉద్యోగం, పెళ్ళి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రెండువేల సంవత్సరం దాటాక మేం సర్జాపుర రోడ్డులో ఫ్లాటు కొనుక్కుని, ఊరికి ఆ చివర చేరాం. కాటన్‌పేట వెళ్ళాలంటే సగం రోజు ట్రాఫిక్కులో పోయేది. పండగకీ పబ్బానికీ వెళ్ళినప్పుడు బావ మెట్ల మీదే ఏదో ఒకటి అని నన్ను కదిలించేవాడు. ఒకసారి వెళ్ళినప్పుడు ఏమీ అనలేదు. గొంతు బొంగురుపోయింది, జలుబని అక్క చెప్పింది. నెలలు గడిచినా ఆ జలుబు తగ్గలేదు.

స్వరపేటికలో గడ్డ అన్నారు. మంచిది కాదన్నారు. మొత్తం తీసేస్తే మనిషి బతుకుతాడు, మాట ఉండదు అన్నారు. నాకు చేతకాని పరిస్థితి ఎదురైతే ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆ డాక్టరుతో గట్టిగా మాట్లాడాను. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, ఆయనా అదే అన్నాడు. మూడో చోటికి వెళదామంటే, బావే నా చెయ్యి పట్టుకుని ఇంగ చాలమ్మే అన్నాడు. అక్కకి మనిషి దక్కుతాడు కదా, అది చాలన్నట్టు ఉంది. నాకు చాలలేదు. ఆ మనిషంటేనే నాకు ఆ నోరు. ఆపరేషనుకి ముందు ఇంకొక్కసారి ఆయన గొంతులో ఆ సినిమా వినాలని, దాన్ని టేపులో పట్టి దాచుకోవాలని పట్టు పట్టాను. అప్పుడు అంతకంటే నా చేతిలో ఇంకేమీ లేదు.

తీరా వెతకబోతే ఆ సినిమా పేరు ఎవరికీ తెలియదు. క్యాసెట్టు మీద కన్నడంలో కాలేజి అని రాసి ఉండేదట, అంతే. సీడీల షాపుల్లో కథ చెప్పి అడిగాను. హాస్టల్లో వంట బాగోక గోడ దూకుతారు చూడండి, ఆ సినిమా, అన్నాను. అలాంటి ఇంగ్లీషు సినిమా లేదు మేడమ్ అన్నారు. ఆఫీసులో హాలీవుడ్డు మొత్తం బట్టీపట్టిన ఒకతన్ని అడిగితే అతనూ తెల్లమొహం వేశాడు. నేను చెప్పే కథ అమెరికావాళ్ళు తీయలేదని అప్పటికైనా నా బుర్రకి తట్టలేదు. చివరికి, ప్రిన్సిపాలు కారులో మేకని కూర్చోబెడతారని బావ గుర్తుచేసుకుని చెప్పాడు. మేక అనగానే ఆఫీసతను ఎగిరి గంతేసి పేరు చెప్పాడు. పేరు చెప్పి, మేడమ్ మీరు ఇలాంటివి చూస్తారా అని నన్ను కిందనుంచి మీదకి చూశాడు.

డీవీడీ, ఖాళీ క్యాసెట్టు పెట్టిన చిన్న టేపురికార్డరు తీసుకుని ఒక మధ్యాహ్నం కాటన్‌పేట వెళ్ళాను. అక్క గుడికి వెళ్ళిన సమయం చూసుకునే వెళ్ళాను, ఆవిడ ఉంటే ఆయన నోరు విప్పడు. బావ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. టేపు నొక్కి, డీవీడీ పెట్టి, టీవీ సౌండు తగ్గించి, ఊ కానీ బావా అన్నాను. ప్రిన్సిపాలు తెర మీదికొచ్చాడు. అంత పొడుగు, అంత ఎర్రగా ఉంటాడని నేనెప్పుడూ అనుకోలేదు. బావ బొంగురు గొంతుతోనే సేటు యాసలో రెండు మాటలన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. మూడో మాటకి నోరు తెరిచినవాడు అలాగే ఆగిపోయాడు. తెర కింద అక్షరాలు పడుతున్నాయి. వాటిని చదువుతున్నాడు.

రిమోటు వెతికి అక్షరాలు తీసేశాను. అయినా మాట రాలేదు. ఆ పెదాలు చూస్తేనే ఆయనకి తెలిసిపోతోంది. ఇన్నేళ్ళుగా కొట్లో ఇంగ్లీషు మాట్లాడే గిరాకీ, ఇంట్లో ఇంగ్లీషు మీడియం పిల్లలు. ఎవరూ నేర్పకుండానే ఆయనకి వచ్చేసింది. ఏదో ఒకటి చెప్పు బావా, నీకు తోచింది చెప్పు, అని చిన్నపిల్లలా బతిమాలాను. ఆయన చాలాసేపు ప్రయత్నించాడు. గొంతు సవరించుకోవడం, నోరు తెరవడం, మూయడం. చివరికి నా వైపు తిరిగాడు.

"అప్పుడు వాళ్ళేమంటా ఉండారో తెలీదు గదమ్మే, నా ఇష్టం వచ్చింది చెప్తా ఉంటి. ఇప్పుడు తెలుస్తా ఉండాది. తెలిసినంక ఎట్ల చెప్పేది?"

సౌండు పెంచి ఇద్దరం చూశాం. నేను ఆ సినిమా చూడటం అదే మొదలు. ఎంత చెత్తగా ఉందో చెప్పలేను. సారు లేదు, వీధులు లేవు. ఆడపిల్లల బట్టలు ఎలా లాగాలా అన్న గోల తప్ప ఏమీ లేదు. ప్రిన్సిపాలు భార్య ఒకటి రెండు చోట్ల కనిపించి తాగి పడిపోతుంది. స్నానాల గది సీను వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల అంటుందని నేను ముందుకి వంగి కూర్చున్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. కెవ్వున అరిచి, చేతులు అడ్డం పెట్టుకుని పారిపోయింది. మగపిల్లలు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మాటలేవి బావా అని అడిగాను, ఏదో ఆయనే దొంగిలించినట్టు.

"ఆ పిల్ల ఎప్పుడూ ఏం మాట్లాడలేదు. అరిచేదంతే. నువ్వు తలుపెనక ఉండావని నాకు తెలుసు. ఆడపిల్ల వింటా ఉంటే, దాన్ని ఊరికే అట్ల అరిపించేకి నాకు మనసు రాలేదు."

అని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. నేను టేపు ఆపేశాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా నాకిష్టమైన సినిమా అని దేన్ననుకున్నానో అది ఎక్కడా లేదు, ఏ షాపులోనూ దొరకదు. ఉన్నదల్లా ఈ గొంతులోనే, దాన్ని వచ్చే వారం తీసేస్తారు. నేను డబ్బు ఇవ్వగలను, డాక్టర్లతో పోట్లాడగలను, దీనికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. అక్క గుడినుంచి వచ్చి మా ఇద్దరినీ చూసి, ఏం సినిమా అని అడిగింది. ఏదో పాత సినిమాలే అన్నాడు బావ.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. బాగా అంటే వాళ్ళ లెక్కలో. గొంతు కింద చిన్న బెజ్జం, ఊపిరి అందులోంచే. దగ్గితే చప్పుడు, నవ్వితే గాలి. పిల్లల పాత పలక ఒకటి ఆయన చేతికిచ్చారు. ఇంట్లో పుట్టినప్పటినుంచీ తెలుగే మాట్లాడినా, చదివింది కన్నడం బడి కాబట్టి తెలుగు మాటల్ని కన్నడం అక్షరాల్లో రాసేవాడు. మొదట్లో పలక నిండా రాసేవాడు. పోనుపోనూ అవునూ కాదూ చేత్తోనే చూపించి పలక పక్కన పడేయడం మొదలుపెట్టాడు. నేను ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. వెళ్ళి ఏదేదో వాగేదాన్ని. మెట్ల మీద నన్ను కదిలించేవాళ్ళు ఎవరూ లేరు.

ఒక ఆదివారం కాఫీలు తాగుతుంటే అక్క ఉన్నట్టుండి నన్నడిగింది. అప్పట్లో మీరంతా నవ్వేవాళ్ళంట గదా, అదేదో సినిమా, దాంట్లో ఏముండేదే అని. నేను బావ వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు.

"ఈయన నాకెప్పుడూ చెప్పలేదే. అందరికీ చెప్పినాడంట. ఇంగ ఎట్లా చెప్పలేడు గదా, నువ్వన్నా చెప్పు."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అడిగింది.  ఇన్నేళ్ళు కాపురం చేసి, ఇంట్లో అందరూ విన్న ఆయన నోటిని విననిది ఆవిడొక్కతే. బావ లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. కుర్చీ కొంచెం ఇటు జరుపుకున్నాడు.

మొదలుపెట్టాను. బొమ్మ ఎన్నడూ చూడకుండా విన్నదాన్ని కాబట్టి నాకు మాటలు పొల్లుపోకుండా వచ్చు. సేటు వచ్చాడు, పాలవాడి ముక్కుగొంతు వచ్చింది, సారు వచ్చింది. బూతుల దగ్గర అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఈయనేనా ఈయనేనా అంటూ వంగి వంగి నవ్వింది. బావ చెవుల దాకా ఎర్రబడ్డాడు, కానీ కళ్ళు అక్క మీదే ఉన్నాయి. అలా అలా ప్రిన్సిపాలు పడకగది దాకా వచ్చాను. ప్రిన్సిపాలు ఇంటికొచ్చి దుప్పటి లాగితే మంచం మీద లావుపాటివాడు నూలుపోగు లేకుండా పడుకుని ఉంటాడు. అప్పుడు ప్రిన్సిపాలు, ఎవడ్రా నువ్వు, నా మంచం మీద ఏం చేస్తా ఉండావు అంటాడని చెప్పాను.

బావ చప్పట్లు కొట్టి నన్ను ఆపాడు. కాదని చెయ్యూపాడు. పలక అందుకుని కన్నడం అక్షరాల్లో ఒకే మాట రాసి మా వైపు తిప్పాడు. ఏమప్పా. అంతే. నిజమే! అంత కోపంలో ప్రిన్సిపాలు ఆ ఒక్క మాటే అనేవాడు, స్నేహితుల నవ్వులకి గది మొత్తం కూలిపోయేది. నేనెలా మరిచిపోయానో తెలియదు. సరేనని, ఏమప్పా అన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు. సాగదీసి అన్నాను. కాదు. దారిలో ఎదురైనవాణ్ణి పలకరించినట్టు అన్నాను, బస్సులో కాలు తొక్కినవాడితో అన్నట్టు అన్నాను, అన్నం తినని పిల్లాణ్ణి అడిగినట్టు అన్నాను. కాదు, కాదు. రోజుకి ఎన్నిసార్లో వాడే మాట, పలక మీద కళ్ళెదుటే ఉంది, ఆయన దాన్ని ఎలా అనేవాడో మాత్రం నాకు దొరకలేదు. అక్క కూడా ఒకసారి అని చూసింది. ఆవిడకి మెల్లగా కాదని తల ఊపాడు. ఆగలేక తనే నోరు తెరిచాడు. పెదాలు సరిగ్గా ఆడాయి. గొంతు కింద గాలి మాత్రం బుస్సుమంది.

కుర్చీ చెయ్యి మీద గట్టిగా కొట్టాడు. మళ్ళీ చెప్పమని నా వైపు వేలు చూపించాడు. నాకు అప్పటికి నవ్వూ లేదు, గొంతూ లేదు. ఏదో ఒకటి, నీరసంగా, ఏమప్పా అన్నాను. అది సేటు గొంతూ కాదు, ప్రిన్సిపాలు గొంతూ కాదు, ఉత్త నా గొంతు. బావ నన్ను కాసేపు చూశాడు. అక్కని చూశాడు. అదేనని తల ఊపాడు.

అది కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అక్క మాత్రం నమ్మేసింది. ఇదా, ఇట్ల అంటా ఉండాడా అని, నేనన్నట్టే నీరసంగా ఏమప్పా అని, పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటినుంచీ ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఇట్ల అనేవాడని అలాగే అని వినిపిస్తుంది. వచ్చినవాళ్ళు నిజమేనా అన్నట్టు బావ వైపు చూస్తారు. బావ ప్రతిసారీ తల ఊపుతాడు.